మగ్గం గుంత పక్కన ఆంప్లిఫయరు

ముప్పై ఏళ్లకు పైబడిన నా ఉద్యోగంలో ఒక్క మాన్యువల్ కూడా తిన్నగా చదివిన పాపాన పోలేదు. సర్వీసు అయిపోయాక మాత్రం సర్వీసు మాన్యువల్‌లు తప్ప ఇంకేమీ చదవడం లేదు. పొద్దున కాఫీతో కొన్ని పేజీలు, మధ్యాహ్నం కునుక్కి ముందు కొన్ని. ఎవరైనా నా కోసం వస్తే మా ఆవిడ, "రోంతసేపు కూచోండప్పా, పారాయణంలో ఉండారు" అని చెబుతుంది.

నేను సర్వే ఆఫీసులో పటాలు గీసేవాణ్ణి. ఏ రైతు చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, గట్టు ఎటు వంగుతుందో, బావి ఏ మూలన ఉందో, పాత పటం మీద పల్చటి కాగితం పరిచి గీయడం నా పని. వాగులకు నీలం రంగు వేసేవాళ్లం. మా జిల్లా వాగుల్లో నీళ్లకు కరువు గానీ ఆఫీసులో నీలం సిరాకు ఎప్పుడూ కరువు రాలేదు. పదవీ విరమణ చేసిన కొత్తలో మా ఇంటి స్టీరియో మూగబోయింది. మా ఊరు బత్తలపల్లెలో దాన్ని విప్పి చూసినవాళ్లందరూ "బోర్డు పోయిండాది సార్, పారేయండి" అన్నారు. పారేయడానికి మనసొప్పక ఇంటర్నెట్లో వెతికితే, ఏ దేశంలోనో ఎవరో పుణ్యాత్ముడు దాని సర్వీసు మాన్యువల్‌ని పేజీ పేజీ స్కాన్ చేసి పెట్టి ఉన్నాడు. రెండో పేజీలో ఆయన కాఫీ కప్పు మరక కూడా గుండ్రంగా పడి ఉంది. సర్క్యూట్ బొమ్మ చూడగానే నాకు తెలిసిన ఊరికి వచ్చినట్టనిపించింది. ఇది గట్టు, ఇది దారి, ఇది బావి. కరెంటు ఈ చేలోంచి ఆ చేలోకి పారాలి. ఎక్కడ పారడం లేదో కనిపెడితే చాలు.

జిరాక్స్ షాపతను ఆ బొమ్మను నాలుగు కాగితాల మీద ప్రింటు తీస్తూ "ఏ ఊరి ప్లాను సార్ ఇది?" అని అడిగాడు. నాలుగింటినీ మైదా పిండి జిగురుతో అతికించి గోడకు తగిలించాను. వారం తిరిగేసరికి బొద్దింకలు ఎడమ చానల్‌ని తినేశాయి. కుడి చానల్‌ని చూసుకుంటూ ఎడమదాన్ని బాగుచేశాను. స్టీరియో అంటే రెండు పక్కలా ఒకటే కదా.

అలా రిపేరుతో కొంచెం పేరు వచ్చింది. ఆ పేరు మా వీధి మలుపు దాటడానికి రెండేళ్లు పట్టింది. డబ్బున్నవాళ్లను మావైపు సౌండు పార్టీ అంటారు. నా దగ్గర సౌండు మాత్రమే ఉంది. మేడ మీద రేకుల గది నా వర్క్‌షాపు. మధ్యాహ్నం అందులో అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు. మా ఆవిడ ఎండబెడుతుంది కూడా. ఒకసారి ఎవరిదో టేప్ డెక్ మూతకు బదులు అప్పడాల జల్లెడ బిగించబోయాను. ఆమె చూసి ఆపింది.

ప్రతి మాన్యువల్‌లోనూ మొదట్లో జాగ్రత్తల పేజీ ఒకటి ఉంటుంది. తేమ ఉన్నచోట పెట్టకండి, నీటి చుక్క పడనివ్వకండి, గాలిలో చెమ్మ ఎక్కువైతే ఫలానా చోట ఓల్టేజీ తప్పుతుంది అని. నేనా పేజీ చదివి నవ్వుకునేవాణ్ణి. వానకోసం మబ్బును చూసి చూసి మెడలు పట్టేసిన ఊళ్లో చెమ్మతో జాగ్రత్త అంటాడేమిటి! కాగితం దండగని ఆ ఒక్క పేజీ ప్రింటు తీయించడం మానేశాను. ఆ పొదుపు ఒక మనిషి మగ్గం మీదకు వస్తుందని నాకు తెలియదు.

ఆ ఏడు దసరాకు వారం ముందు మా ఇంటి ముందు మోపెడ్ ఆగింది. కాళ్ల దగ్గర దుప్పట్లో చుట్టిన పెద్ద మూట. దాన్ని దించుకుని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద ఉంటాడు. దుప్పటి విప్పితే పాత జపాను ఆంప్లిఫయరు. రెండు చేతులతో ఎత్తితే గానీ లేవని, ఈ కాలంలో ఎవరూ చేయని రకం.

"సార్, పాటల డబ్బాలకు వైద్యం చేసేది మీరేనా?"

"చూస్తానన్నా. బతికితే నా హస్తవాసి, పోతే దాని ఆయుష్షు."

ఆయన నవ్వలేదు. "బతకల్ల సార్. ఇది పాడితేనే నా చెయ్యి ఆడేది."

ఆయనది ధర్మవరం. ఇంట్లోనే గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు దించి, కాలితో చెక్క తొక్కుతూ, చేత్తో పలక లాగి కొడుతూ నేసేది. ఒక్కో పట్టుపోగునూ పలక ఎంత బలంగా కొడితే బట్ట అంత దగ్గరగా వస్తుంది. అన్ని దెబ్బలూ ఒక్కలా పడాలి. ఇదంతా నాకు ఆయన రేకుల గదిలో గచ్చు మీద కూర్చుని, కాలు ఆడిస్తూ చెప్పాడు.

"గోడకవతల మూడు మిషన్ మగ్గాలు పెట్టినారు సార్. పొద్దున మొదలైతే డబడబడబడబ. నా చెయ్యి నా మాట ఇనదు. దాని తాళానికి ఉరుకుతాది. ఉరికిన చోట దెబ్బ తేలిగ్గా పడతాది. చూడండి" అని ఫోనులో ఒక చీర ఫోటో చూపించాడు. వెలుతురుకు పట్టిన ఎర్రటి పట్టు మీద అడ్డంగా సన్నటి చారలు, నీళ్ల మీద గీత గీసినట్టు. "ఇది నా చెయ్యి. ఈ చార ఉండాది చూడండి, ఇది వాళ్ల మిషన్ చెయ్యి."

"దానికీ ఈ ఆంప్లిఫయరుకూ ఏం సంబంధమన్నా?"

"స్పీకర్ డబ్బాలు గుంత పక్కనే పెట్టుకొని చెక్కభజన పాటలు పెడతా సార్. ఆ దెబ్బ నేలలో నుంచి నా కాళ్లకొస్తాది. మిషన్ మొత్తుకుంటే మొత్తుకోనీ, నా కాలు భజనతోనే పోతాది. ఇది చెడిపోయినంక నేసిన చీర సార్, ఆ చారల్ది."

ఫోనులో పెట్టుకోకూడదా అన్నాను. ఆ మిషన్ల ముందు ఫోను దోమ పాడినట్లు ఉంటుందన్నాడు. చెవుల్లో పెట్టుకునేవి? తీగ ఉన్నవి పోగును అటూ ఇటూ మోసే నాడెకు తగులుకున్నాయట. తీగ లేనివి తెస్తే ఒకటి చెవిలోంచి జారి పడుగులో, అంటే నిలువు పోగుల్లో, పడి మూడింటిని తెంచిందట. "అయినా పాట చెవికి కాదు సార్ నాకు, కాలికి కావల్ల."

ఆయనకు పట్టు, జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు ఆ చారల చీర చూసి ఒక మాట అన్నాడు. ఈ పడుగులో నేయాల్సిన చీర ఇంకోటి ఉంది, మాఘమాసం పెళ్లికి వెళ్లాల్సింది. దానికీ చార పడితే తన దగ్గర మళ్లీ పడుగు అడగొద్దని, మగ్గం ఎత్తిపెట్టి ఆ గోడ అవతల మిషన్లు చూసుకునే పనికి పొమ్మని. ఈ చివరి ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఆయన కాలు ఆడించడం ఆపాడు.

మొదటి వైద్యం సులువుగానే కుదిరింది. మాన్యువల్ దొరికింది. అందులో ఈ రకం ఆంప్లిఫయర్లకు ఉండే చిన్న కాపలాదారు గురించి ఉంది. దాన్ని రిలే అంటారు. స్విచ్ వేశాక నాలుగైదు క్షణాలు లోపల అంతా సరిగా ఉందా అని చూసుకుని, ఉంటే "టక్" మని స్పీకర్లకు దారి తెరుస్తుంది. ఏదైనా తేడా ఉంటే మళ్లీ టక్ మని దారి మూసేస్తుంది, స్పీకర్లు కాలిపోకుండా. ఆయన డబ్బాలో టక్ రావడం లేదు. పుస్తకం చెప్పిన వరసలో చూసుకుంటూ పోతే, మాడిపోయిన ట్రాన్సిస్టర్ ఒకటి దొరికింది. అనంతపురం నుంచి కొత్తది తెప్పించి వేశాను. టక్ అంది. పాడింది. ఆయుధ పూజ రోజు ఆయన వచ్చి తీసుకెళ్లాడు. పోతూ పోతూ మా గేటు దగ్గర మోపెడ్ ఆపి, వెనక్కి తిరిగి దణ్ణం పెట్టాడు. నాకా, డబ్బాకా అన్నది తేలలేదు.

దీపావళి వెళ్లిన రెండో రోజు మళ్లీ అదే మోపెడ్, అదే దుప్పటి.

"టక్ అనలే సార్. రెండు దినాలు చూసినా. నేయడం ఆపేసినా. చార పడేదానికన్నా ఆపేదే మేలు."

పైకి తీసుకెళ్లి, మూత తీసి, మధ్యాహ్నం భోంచేసి వచ్చి స్విచ్ వేశాను. టక్. పాట. ఒక గంట పాడించాను, మూడు గంటలు పాడించాను. మా ఆవిడ కిందనుంచి "భజన అయితే ప్రసాదం ఇయ్యండి" అని అరిచింది. దీపావళికి ఓల్టేజీ ఎగిరి ఉంటుందని నిర్ణయించి, అనుమానానికి రిలే మార్చి పంపించాను. తర్వాతి నెల మళ్లీ అంతే. ఆయన ఇంట్లో మూగ, నా గదిలో గాయకుడు. ఈసారి మాన్యువల్‌లో ఉన్న ప్రతి పరీక్షా డబ్బాను మూడు వారాలు నా దగ్గరే ఉంచుకుని చేశాను. పుస్తకం చెప్పిన చోటల్లా పుస్తకం చెప్పిన ఓల్టేజీయే వచ్చింది. అతుకులన్నీ మళ్లీ వేశాను. బోర్డు మీద అక్కడక్కడా పసుప్పచ్చగా ఏదో అట్టకట్టి ఉంది. ఫ్యాక్టరీలో వాడే జిగురు కాలం గడిచేకొద్దీ అలా పచ్చబడుతుందని ఎక్కడో చదివాను, అదే అనుకున్నాను. ఒకటి రెండు చోట్ల ఎర్రటి చుక్కలు కూడా ఉన్నాయి. తనిఖీ అయిపోయాక ఫ్యాక్టరీవాళ్లు అలా రంగు చుక్క పెడతారు. ఎవరో జపాను ఇన్‌స్పెక్టర్ ఎంత శ్రద్ధగా పెట్టాడో అని మెచ్చుకుని మూత బిగించాను.

డబ్బా తీసుకెళ్లడానికి వచ్చిన రోజు ఆయన మెట్ల మీద కూర్చున్నాడు.

"షావుకారు మనిషిని పంపినాడు సార్. ఇంక మూడు మూరల చీర ఉండాది. ఈ మూడు మూరలు పాడల్ల ఇది. మళ్లీ ఆగితే నేను ఆగను, మిషన్ తాళానికే నేసేస్తా. చార పడితే పడనీ. ఎన్ని దినాలని చెయ్యి కట్టుకొని కూచునేది?"

డబ్బాను మోపెడ్ దాకా నేనే మోసుకెళ్లి పెట్టాను. ఆయన వెళ్లాక గోడకు అతికించిన ఆ డబ్బా సర్క్యూట్ పటం ముందు నిలబడ్డాను. చేలన్నీ ఉన్నాయి, దారులన్నీ ఉన్నాయి. నీళ్లు ఎక్కడ తప్పిపోతున్నాయో ఆ పటంలో లేదు.

మా ఆవిడ అప్పడాలు తీయడానికి వచ్చింది. "ఒక మాట చెప్తా, నవ్వద్దండి. ఆయప్ప డబ్బా తెచ్చేది ఎప్పుడూ అమావాస్య అయినంక రెండు దినాలకే."

"అయితే?"

"అయితే ఏముండాది? దానికేదో దిష్టి తగిలిండాది. దిష్టి తీసే పేజీ ఉండాదేమో చూడండి మీ పుస్తకంలో."

నవ్వాను. కానీ క్యాలెండర్ చూశాను. మొదటిది దీపావళి, అంటే అమావాస్యే. రెండోది కూడా లెక్క సరిపోయింది. దిష్టిని నమ్మకపోయినా తేదీని నమ్మక తప్పదు. సర్వే ఆఫీసులో కూడా అంతే, మనిషి మాట ఎలా ఉన్నా రాయి ఎక్కడ పాతారో అక్కడికి వెళ్లి చూడాలి. వచ్చే అమావాస్యకు పొద్దున్నే మీటరు, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని ధర్మవరం బస్సెక్కాను.

అమావాస్య మగ్గానికి సెలవు. గుంతలో కాళ్లు లేవు. మగ్గం మీద సగం పైగా చుట్టిన ఎర్రటి చీర, దాని మీద బంగారు బుట్టాలు. గుంతకు అటొక స్పీకరు, ఇటొక స్పీకరు. చెక్క పీట మీద ఆంప్లిఫయరు. సన్నగా పాడుతోంది. గోడ అవతల మాత్రం డబడబడబడబ. మిషన్లకు అమావాస్య లేదు. అక్కడ పది నిమిషాలు కూర్చున్నాక నా వేలు నాకు తెలియకుండానే మోకాలి మీద ఆ తాళం కొడుతోందని గమనించి, చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

"చూస్తిరా? మీకూ పట్టె" అన్నాడాయన.

ప్లగ్గు చూశాను, ఎర్త్ చూశాను, ఓల్టేజీ చూశాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆయన భార్య కాఫీ ఇచ్చి, "కూచోండి సార్, పూజ చేసుకొని వస్తా" అని పళ్లెం తెచ్చింది. ముందు మగ్గానికి పసుపు, కుంకుమ, సాంబ్రాణి. పలకకు పువ్వు. అక్కడినుంచి ఆంప్లిఫయరు దగ్గరికి వచ్చింది. తమలపాకు చెంబులో ముంచి పసుపు నీళ్లు దాని నెత్తిన మూడుసార్లు చల్లింది. నిమ్మకాయ రెండుగా కోసి, కుంకుమ అద్ది, వేడిగాలి బయటికి పోవడానికి పైన ఉండే సందుల మీద కుడిపక్కన ఒక చెక్క, ఎడమపక్కన ఒక చెక్క పెట్టింది. పెట్టి, భక్తిగా, రెండింటినీ పిండింది.

టక్.

పాట ఆగిపోయింది. గోడ అవతల డబడబ ఒక్కటే మిగిలింది.

"అదో! మళ్లా పాయె!" అంది ఆమె, చేతిలో నిమ్మచెక్కతో.

కాఫీ గ్లాసు కింద పెట్టాను. "అక్కా, ఇట్ల ఎప్పుడూ చేస్తారా?"

"తప్పకుండా సార్. మీరు చెప్పినంక ఒక్క అమావాస్య కూడా తప్పలే."

"నేనా? నేనెప్పుడు చెప్పినా?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. "ఏం సార్ అట్లంటారు? ఆయుధ పూజ దినం డబ్బా నా చేతికిచ్చే ముందు మీ ఇంట్లో అమ్మ తమలపాకుతో మూడుసార్లు చల్లినారు. నిమ్మకాయ పిండినారు. మీరు పక్కన పళ్లెం పట్టుకొని నిలబడింటిరి. నేను అడిగితి, సార్ ఇది కూడా పుస్తకంలో ఉండాదా అని. ఉండాదన్నా, ఆఖరి పేజీలో, అంటిరి. అంతకు ముందు మేం దీనికి పూజ చేసేదే లేదు. మగ్గానికే."

అన్నాను. ఆ రోజు అందరం నవ్వుకున్నామనే నా జ్ఞాపకం. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, నవ్వింది నేనొక్కణ్ణే.

అక్కడే గచ్చు మీద మూత విప్పాను. పచ్చటి జిగురును గోటితో గీకి వాసన చూశాను. మా ఇంటి పోపుడబ్బా వాసన. జపాను ఇన్‌స్పెక్టర్ పెట్టిన ఎర్ర చుక్కలు వేలికి అంటుకున్నాయి. అవి ఇన్‌స్పెక్టరువి కావు, మా ఆవిడవి కొన్ని, ఈమెవి కొన్ని. పసుపు నీళ్లు, కుంకుమ, నిమ్మరసం కలిసి తడిగా ఉన్నప్పుడు కరెంటు దారి తప్పి గట్టు తెగ్గొట్టుకుని పక్క చేలోకి పారుతోంది. కాపలాదారు దారి మూస్తున్నాడు. పోగు తెగకుండా గుంతలో చెమ్మ ఉండాలని వీళ్లు నీళ్లు చల్లి, కిటికీ మూసి పెట్టుకునే ఈ నీడగదిలో అది ఆరదు. ఎండలో మోపెడ్ మీద వచ్చి, మా రేకుల గదిలో అప్పడాల పక్కన రెండు గంటలు కూర్చుంటే శుభ్రంగా ఆరిపోతుంది. నేను స్విచ్ వేసి, నా హస్తవాసికి మురిసిపోతాను.

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. పుస్తకంలో అలాంటి పేజీ లేదని, నేను ఎగతాళికి అన్నానని. నీళ్ల పేజీ ఒకటి నిజంగానే ఉందని, దాన్ని నేనే వదిలేశానని.

ఆయన లేచి మగ్గం దగ్గరికి వెళ్లాడు. రెండున్నర నెలలుగా ఆగుతూ సాగుతూ వచ్చిన చీర వైపు చూశాడు. ఆ చూపు కంటే తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

"సార్" అన్నాడు చివరికి, "ఇంకమీద మీరు ఎగతాళికి చెప్పేది ఏదో, నిజంగా చెప్పేది ఏదో చీటీ మీద రాసియ్యండి. ఎగతాళివి పక్కన పెడతాం."

ఆమె మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేనేమో పోయినసారి ఒక కాయ చాలలేదేమో అని ఈసారి పెద్దది తెప్పిస్తి గదప్పా!"

మందుల షాపు నుంచి స్పిరిట్ తెప్పించి, కొత్త టూత్ బ్రష్‌తో బోర్డంతా కడిగాను. ఆయనే పట్టుకున్నాడు, నేను తోమాను. పట్టుపోగు విడదీసే చేతులు కదా, నా కంటికి ఆనని సందుల్లో ఇంకా మిగిలిన పచ్చదనాన్ని చూపిస్తూ పోయాడు. "ఈడ. ఈడొకటి. దాని కింద." సర్వే ఆఫీసులో నాకు అలాంటి అసిస్టెంటు దొరికి ఉంటే జిల్లాలో గట్టు తగాదాలే ఉండేవి కావు. తర్వాత మిద్దె మీద ఎండలో పెట్టి, ఇద్దరం నీడలో కూర్చుని కాపలా కాశాం. పావురాలు రాకుండా.

మిగిలిన చిక్కు పూజ. ఒకసారి మొదలుపెట్టినది మానడం ఆమెకు ఇష్టం లేదు. నేను ఫోనులో మాన్యువల్ తెరిచి, నేను ప్రింటు తీయని ఆ పేజీ చూపించాను. పెట్టె మీద పూలకుండీ పెట్టిన బొమ్మ, దాని మీద అడ్డంగా కొట్టివేత.

ఆమె దగ్గరికి తీసుకుని చూసింది. "పూలకుండీ వద్దన్నాడు. నిమ్మకాయ వద్దని యాడ ఉండాది?"

"అక్కా, రాసినోడికి నిమ్మకాయ సంగతి తెలీదు."

"తెలిసింటే వద్దనేవాడా?"

"నీళ్లుండేది ఏదీ వద్దనేవాడు."

"అట్ల చెప్పండి." కాసేపు ఆలోచించి ఆమే తీర్పు చెప్పింది. మగ్గానికి ఎప్పటిలాగే అన్నీ. డబ్బాకు మాత్రం ముందువైపు, వేలితో, పొడి కుంకుమ బొట్టు ఒక్కటి. నిమ్మచెక్కలు గడపకు. "ఇది నిజంగా చెప్పేదే కదా సార్? ఎగతాళి కాదు కదా?"

కాదని ఒట్టేశాను.

సాయంత్రం ఇంటికి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను. "అయితే తప్పు నాదంటారా?" అంది నడుం మీద చెయ్యి పెట్టుకుని. చల్లడం నీది, పళ్లెం పట్టడం నాది, నోరు కూడా నాదే, మెజారిటీ నాదే అన్నాను. "అమావాస్య సంగతి పట్టింది ఎవరు?" అంది. నువ్వేనని ఒప్పుకున్నాను. ఆ రాత్రి చారులో ఉప్పు సరిగ్గానే ఉంది కాబట్టి రాజీ అయినట్టే లెక్క.

మర్నాడు పొద్దున మళ్లీ బస్సెక్కాను. చూడకుండా ఉండలేకపోయాను. ఆయన అప్పటికే గుంతలో కాళ్లు దించి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి స్విచ్ వేశాడు. నాలుగైదు క్షణాలు. గోడ అవతల మిషన్లు అప్పుడే అందుకుంటున్నాయి. టక్. చెక్కభజన మొదలైంది. నేల వణికింది, నా చెప్పుల్లోకి కూడా వచ్చింది ఆ దెబ్బ. ఆయన వెంటనే నేయలేదు. కాలితో చెక్కను ఉత్తగా తొక్కుతూ, కళ్లు మూసుకుని, పాట ఒక చుట్టు తిరిగే దాకా ఆగాడు. తర్వాత నాడె ఆ చివరి నుంచి ఈ చివరికి పోయింది. పలక పడింది. మళ్లీ పోయింది. మళ్లీ పడింది. పక్కింటి డబడబ ఉందో లేదో కూడా నాకు గుర్తుకు రాలేదు.

ఒక జానెడు నేశాక దీపం వెనక పట్టి చూశాడు. నన్నూ చూడమన్నాడు. నాకు పటాలు చదవడం వచ్చు గానీ పట్టు చదవడం రాదు. "ఏమీ కనిపించడం లేదన్నా" అన్నాను.

"అదే సార్ కావల్సింది" అన్నాడు.

వారం దాటింది, పది రోజులు దాటాయి. మోపెడ్ రాలేదు. మామూలుగా వైద్యుడికి అది మంచి వార్తే. నాకు మాత్రం ఆ ఎర్రచీర ఏమైందో తెలియక, పారాయణంలో ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ఫోను చేద్దామంటే, మూడు మూరల్లో ఏ మూర దగ్గర ఆయన చెయ్యి కదిలిస్తానో అని భయం.

ఒకరోజు పదకొండు గంటల ఎండలో గేటు ముందు హారన్ మోగింది. మా ఆవిడే ముందు చూసింది. "వచ్చె ఆయప్ప! మూటతోనే వచ్చె!" చెప్పులు కూడా వేసుకోలేదు. మెట్లు దిగి వెళితే, మోపెడ్ మీద మూట ఉన్నమాట నిజమే గానీ అది డబ్బా కాదు. తెల్లటి గుడ్డలో చుట్టిన కొత్త పడుగు. గుడ్డ చివర ఆకుపచ్చ పట్టు తొంగి చూస్తోంది. మా ఊళ్లో ఎవరో బంధువుల ఇంటికి వచ్చి, అటునుంచి ఇటు తిరిగాడట.

"షావుకారు ఇచ్చినాడా?" అన్నాను. ఇంకే ప్రశ్నా రాలేదు.

"ఇయ్యక యాడ పోతాడు సార్!" మోపెడ్ ఇంజను ఆపలేదు, దిగలేదు. ఒక కాలు నేల మీద, ఒక చెయ్యి పడుగు మీద. "చీర ఎండలో పట్టినాడు. ఇటు తిప్పినాడు, అటు తిప్పినాడు. భూతద్దం తెప్పించినాడు. చార కోసం ఎతికినాడు, ఎతికినాడు. దొరకలే."

"మరేమన్నాడు?"

ఆయన ఒక్కసారి ముఖం గంటు పెట్టుకున్నాడు. "ఏమన్నాడా? 'ఈసారి శానా బాగా వచ్చిందప్పా, అచ్చం మిషన్ మీద నేసినట్లే ఉండాది' అన్నాడు సార్! మిషన్ అంటాడా! మూడు నెలలు మిషన్‌తో కొట్లాడి నేసిన చీరను పట్టుకొని మిషన్ మాదిరి అంటాడా! ఆయప్పకు బుద్ధి ఉండాదా సార్?"

మా ఆవిడ కాఫీ తాగి పొమ్మంది. పడుగును ఎండలో నిలబెట్టకూడదని, ఇంటికి పోయి మగ్గానికి ఎక్కించాలని, ఈసారి కొంగుకు నెమళ్లని చెప్పి, ఇంకా షావుకారును తిడుతూనే, నవ్వుతూనే, ధర్మవరం దారి పట్టాడు.